హోటల్ చేతులు మారాక: పాత సరుకు, పెనం, పులుసు

బోర్డు అదే, బల్లలు అవే, గల్లాపెట్టె దగ్గర మాత్రం కొత్త మనిషి. నెల్లూరులోనైనా, కావలిలోనైనా, ఒంగోలులోనైనా ఇష్టంగా తినే చోట ఈ మార్పు కనపడగానే మనవాళ్ళు చేసే పని ఒకటే. ఒక్కసారి వెళ్ళి, ఒక దోశ తిని, "పాత రుచి లేదబ్బా" అని తేల్చేస్తారు. కాదంటే "ఏం మారలా, అట్టే ఉంది" అంటారు. రెండు మాటలూ తొందరపాటే. కొత్త యజమాని కూర్చున్న మొదటి నెలలో మనం తినేది చాలావరకు పాత యజమాని వంటే. ఆయన ఆడించి డబ్బాల్లో పోయించిన కారం, ఆయన కొన్న చింతపండు, ఆయన పెట్టించిన ఆవకాయ, ఆయన చెప్పి పెట్టుకున్న చేపలావిడ. ఇవి ఒకదాని తర్వాత ఒకటి అయిపోతూ వస్తాయి. ఆ చోటు నిలబడిందా లేదా అన్నది అప్పుడు తెలుస్తుంది.

అందుకే ఇష్టమైన హోటల్ చేతులు మారితే రెండు విడతలుగా చూడాలి. మొదటి పదిహేను రోజుల్లో ఒకసారి వెళితే పెనం, పిండి, వంట మాస్టరు సంగతి తేలుతుంది. మూడు నాలుగు నెలలు పోయాక మళ్ళీ వెళితే పులుసు, కారం, పచ్చళ్ళ సంగతి తేలుతుంది. మిరపకాయలు, చింతపండు రెండూ శివరాత్రి నుంచి ఉగాది దాటేదాకా కొత్తగా వస్తాయి. ఏడాదికి సరిపడా తీసి పెట్టుకునే హోటళ్ళు కొనేది అప్పుడే. అంటే భోగికి చేతులు మారిన హోటల్ అసలు రంగు వేసవి మొదట్లోనే బయటపడుతుంది. వైశాఖంలో మారిన హోటల్‌కి పాత సరుకు ఇంకా నిండుగా ఉంటుంది కాబట్టి దసరా దాకా ఆగి చూడాలి.

చేతులు మారేటప్పుడు ఏమేం అమ్ముతారో తెలిస్తే సగం విషయం అర్థమవుతుంది. పేరు అమ్ముతారు, దాన్నే గుడ్‌విల్ అంటారు. షాపు అడ్వాన్సు మార్చుకుంటారు. గ్రైండరు, పెనం, గుండిగలు, ఫ్రిజ్జు, బల్లలు లెక్కగట్టి ఇస్తారు. అమ్మలేనివి రెండున్నాయి. ఒకటి మాస్టరు. ఆయన జీతం కుదిరితే ఉంటాడు, లేకపోతే సంచి సర్దుకుంటాడు. రెండోది అరువు. పాత యజమానికి బియ్యం కొట్టాయన నెల గడువు ఇచ్చేవాడు, చేపలావిడ వారానికోసారి లెక్క చూసుకునేది. కొత్తాయనకి ఆ నమ్మకం ఇంకా రాలేదు, అన్నీ రొక్కం పెట్టి కొనాలి. చేతిలో రొక్కం తక్కువైతే పాత బియ్యం బదులు కొత్త బియ్యం వస్తుంది, కొరమీను బదులు బొచ్చె వస్తుంది. కొత్త యజమాని పిసినారి అని మనం అనుకునే చాలా సందర్భాల్లో అసలు కారణం ఇదే. ఆరు నెలలు నిలదొక్కుకుంటే అరువు పుడుతుంది, దాంతో సరుకూ బాగుపడుతుంది. ఈ ఒక్క కారణానికైనా తొలి నెలలో చూసిన లోపాన్ని చివరి తీర్పు చేయకూడదు.

నిజంగా చేతులు మారిందా, లేక మేనేజరు మాత్రమే మారాడా అన్నది బిల్లు చూస్తే తెలుస్తుంది. 2022 జనవరి 1 నుంచి హోటల్ బిల్లు మీద ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు ఉండాలి. అందులో మొదటి అంకె 1 అయితే లైసెన్సు, 2 అయితే చిన్న వ్యాపారుల రిజిస్ట్రేషను. నాలుగు, ఐదు స్థానాల్లోని అంకెలు ఇచ్చిన సంవత్సరం. సొంతదారు చనిపోతే వారసులకి మారడం తప్ప, ఈ నంబరు ఒకరి నుంచి ఇంకొకరికి అమ్మకంలో పోదు. కొన్న మనిషి కొత్తది తీసుకోవాల్సిందే. కంపెనీ పేరు మీదో భాగస్వామ్యం పేరు మీదో నడిచే హోటళ్ళలో మాత్రం లోపలి మనుషులు మారినా నంబరు అదే ఉండొచ్చు. ఇంకో సంగతి. పాతాయన కాంపోజిషన్ పద్ధతిలో, అంటే చిన్న వ్యాపారి పన్ను తన చేతి నుంచే కట్టుకునే పద్ధతిలో ఉంటే, బిల్లులో జీఎస్టీ విడిగా వేసే వీలు ఆయనకి లేదు. కొత్తాయన మామూలు పద్ధతిలో నమోదైతే 5 శాతం విడిగా కనపడుతుంది. ఇడ్లీ రేటు పెంచాడని గొడవకి దిగేముందు బిల్లు అడుగున జీఎస్టీ విడిగా పడిందేమో చూడండి. నెలవారీ మెస్ కూపన్లు ముందే కొనుక్కున్నవాళ్ళు మాత్రం చేతులు మారుతుందని వినగానే పాతాయన ఉండగానే తేల్చుకోవాలి. మిగిలిన కూపన్ల లెక్క కొత్తాయనకి అప్పగించారా లేదా అన్నది ఇద్దరూ ఎదురుగా ఉన్నప్పుడు అడిగితేనే పని జరుగుతుంది.

ఏ రోజు వెళ్ళాలి

ఆదివారం మధ్యాహ్నం వద్దు. పెళ్ళి ముహూర్తాలు వరసగా ఉన్న రోజులూ వద్దు, మంచి మాస్టర్లు క్యాటరింగ్‌కి పోయి గరిటె సహాయకుడి చేతిలో ఉంటుంది. నెల్లూరులో అయితే మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా రొట్టెల పండుగ రోజులు కూడా వదిలేయండి. స్వర్ణాల చెరువు దగ్గరికి వచ్చే జనానికి ఊళ్ళో ఏ వంటగదీ తన కొలతల మీద నిలబడలేదు. సముద్రం చేప తిని తీర్పు చెప్పాలనుకుంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఆగండి. తూర్పు తీరమంతా మర పడవల వేట నిషేధం ఉండే 61 రోజులవి. మైపాడు, జువ్వలదిన్నె, కృష్ణపట్నం వైపు చిన్న పడవల చేప కొద్దిగా వస్తుంది, మిగిలింది ఐసులో ఉన్నదే. ఆ రోజుల్లో వంజరం పులుసు బాగాలేకపోతే అది కొత్త యజమాని తప్పు కాదు. కొరమీను, బొచ్చె లాంటి మంచినీటి చేపలకి ఈ లెక్క లేదు.

టిఫినుకి ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర మధ్య మంచి సమయం. పెనం అప్పటికి సమంగా కాగి ఉంటుంది, పిండి ఇంకా పులిసిపోదు. పదిన్నరకి వెళ్ళి దోశ పుల్లగా ఉందంటే అది ఎక్కడైనా అంతే. భోజనానికి పన్నెండున్నరకి కూర్చుంటే అన్నం రెండో వాయి వస్తుంది, పులుసుకి నాలుగైదు గంటలు ఊరే సమయం దొరికి ఉంటుంది.

కారం దోశ చెప్పే సంగతులు

నెల్లూరు కారం దోశ ఒక్కటి తింటే వంటగది గురించి అయిదారు విషయాలు తెలుస్తాయి. అందుకే మొదటి రోజు అదే చెప్పండి, మసాలా దోశ వద్దు. బంగాళాదుంప కూర కింద తప్పులన్నీ దాక్కుంటాయి.

పిండి కొలత మూడు పాళ్ళ బియ్యానికి ఒక పాలు మినప్పప్పు, కిలో బియ్యానికి రెండు చెంచాల మెంతులు, గుప్పెడు అటుకులు. రంగు కోసం కొందరు గుప్పెడు శనగపప్పు వేస్తారు. మినప్పప్పు రాతి గ్రైండరులో ముప్పావు గంట తిరిగితే గాలి పట్టి పొంగుతుంది. వేగంగా తిరిగే మిషన్లో వేస్తే పిండి వేడెక్కుతుంది, మెత్తగా అయినట్టే కనపడుతుంది కానీ పొంగదు. ఆ పిండితో వేసిన దోశ అంచులు కరకరలాడతాయి, నడుమ మాత్రం సాగుతుంది. గ్రైండరు రాయి అరిగిపోయి గంట్లు పెట్టించకపోయినా ఇదే జరుగుతుంది. మన ఎండలకి ఆరేడు గంటల్లో పులిసే పిండి, ధనుర్మాసంలో పది పన్నెండు గంటలు తీసుకుంటుంది. నిన్న మిగిలిన పిండి కలిపితే దోశకి ఎర్ర రంగు రాదు, ఎంతసేపు ఉంచినా తెల్లగానే గట్టిపడుతుంది, ఎందుకంటే రంగునిచ్చే చక్కెరలు అప్పటికే పులుపులోకి పోయాయి. దాన్ని కప్పిపుచ్చడానికి పిండిలో పంచదార వేసేవాళ్ళున్నారు. అప్పుడు దోశ ఎర్రగానే ఉంటుంది, కానీ కొరికినప్పుడు మొదట తీపి, వెనకాల పులుపు తగులుతాయి. అలా తగిలితే పిండి లెక్క తప్పిందని అర్థం.

పెనం సంగతి ఇంకా ముఖ్యం. హోటల్ పెనం వేలు మందం ఉన్న ఇనుప పలక. ఏళ్ళ తరబడి నూనె కాలి కాలి దాని మీద నల్లటి పొర కట్టి ఉంటుంది, అదే దోశని అంటుకోకుండా లేపేది. కొత్తగా కొన్నవాళ్ళు చాలామంది ఉత్సాహం కొద్దీ మొదట చేసే పని, పెనం మురికిగా ఉందని మిషను పెట్టి గీయించడం, లేదా తళతళలాడే కొత్త పలక తెచ్చి పెట్టడం. దాంతో రెండు మూడు వారాల పాటు దోశ అంటుకుంటుంది. అంటుకుంటోందని మాస్టరు నూనె పెంచుతాడు. నూనె ఎక్కువైతే గరిటె తిప్పేటప్పుడు పిండి జారి గుండ్రంగా పరుచుకోదు. కొత్త పలకైతే ఉప్పు పోసి గంటసేపు వేయించి తుడిచి, పలుచగా నూనె రాసి పొగ వచ్చేదాకా కాల్చి, చల్లార్చి, మళ్ళీ రాసి, ఇలా అయిదారుసార్లు చేసి, తర్వాత వారం పాటు ఊతప్పాలు, మందం అట్లు వేసుకుంటే దారికొస్తుంది. పలుచటి పలక అయితే ఎంత చేసినా లాభం లేదు. పిండి పోయగానే వేడి చప్పున పడిపోతుంది, నాలుగో దోశకల్లా తెల్లబడుతుంది.

వీలైతే పెనం కనపడే బల్ల దగ్గర కూర్చుని ఒక దోశ పడటం పూర్తిగా చూడండి. మాస్టరు నీళ్ళు చిలకరించగానే చుయ్యిమని క్షణంలో ఆరిపోతే సరైన వేడి. నీటి చుక్కలు ముత్యాల్లా దొర్లితే పెనం మరీ కాలిపోయింది, ఆ వేడిలో పిండి గరిటెకే చుట్టుకుంటుంది. నీళ్ళు మెల్లగా మరిగి ఆరితే వేడి చాలదు, దోశ అంటుకుంటుంది. చీపురుతో తుడిచి, సగం కోసిన ఉల్లిపాయతో నూనె రుద్ది, నడిమి నుంచి బయటికి ఆపకుండా తిప్పుకుంటూ పోవాలి. పైభాగం తడి ఆరి, చిన్న చిన్న రంధ్రాలు పడ్డాకే కారం పూయాలి. తొందరపడి తడి మీద పూస్తే ఆ చోట దోశ ఉడకదు, ముద్దగా ఉండిపోతుంది. ఆలస్యంగా పూస్తే కారంలో వెల్లుల్లి పచ్చి వాసన పోదు. బల్ల మీదికి వచ్చాక దోశని తిరగేసి అడుగు చూడండి. ఒకవైపు మాడి ఒకవైపు తెల్లగా ఉంటే కింద బర్నరు రంధ్రాలు పూడిపోయాయి. గంటలో బాగయ్యే పని అది, చెప్తే వింటారు.

కారం కొలత కూడా గుర్తుపెట్టుకోండి. పది దోశలకి ఇరవై ఎండుమిరపకాయలు వేడినీళ్ళలో నానబెట్టి, రెండు పెద్ద ఉల్లిపాయలు, పది పన్నెండు వెల్లుల్లి రెబ్బలు, గోలీ అంత చింతపండు, ఉప్పు వేసి, నీళ్ళు పోయకుండా రుబ్బాలి. నీళ్ళు పోసి రుబ్బిన కారం దోశ మీద పారుతుంది, దోశని మెత్తబెడుతుంది. ఉల్లి ధర పెరిగినప్పుడు తగ్గించి నీళ్ళతో సరిపెట్టడం ఎక్కువగా జరిగే తప్పు. మీద చల్లే పప్పుల పొడి పొడిపొడిగా రాలాలి. పుట్నాల పప్పు కప్పు, ఎండుమిర్చి ఆరేడు, వెల్లుల్లి నాలుగు రెబ్బలు, ఎండు కొబ్బరి కొద్దిగా. వెల్లుల్లి ఎక్కువైనా, పొడి వేడిగా ఉండగానే డబ్బాలో మూతపెట్టినా ఉండలు కడుతుంది, మూడో రోజుకి ముక్కిన వాసన వస్తుంది. నెయ్యి విషయంలో నాలుకే గీటురాయి. వేడి దోశ మీద వేసిన నెయ్యి మంచిదైతే నోట్లో కరిగిపోతుంది. డాల్డా కలిసిందైతే అంగిలికి మైనంలా అంటుకుని ఉంటుంది, ప్లేటు చల్లారాక అంచున తెల్లగా పేరుకుంటుంది.

ఇడ్లీ, సాంబారు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఇడ్లీ పసుపుపచ్చగా ఉండి సబ్బు రుచి తగిలితే వంట సోడా ఎక్కువైనట్టు.

చేపల పులుసు

అసలు పరీక్ష ఇదే. మూడు నాలుగు నెలలు ఆగమన్నది కూడా దీనికోసమే. చింతపండు, కారం, నూనె, చేప, మాస్టరు చెయ్యి, ఈ అయిదూ కలిస్తేనే నెల్లూరు చేపల పులుసు. అయిదింటిలో ఏది మారినా నాలుకకి తెలుస్తుంది. ఏది మారిందో చెప్పగలగడం మాత్రం కొంచెం గమనిస్తేనే వస్తుంది.

కిలో చేపకి లెక్క ఇదీ. మామిడికాయ లేకపోతే చింతపండు 75 గ్రాములు, పుల్లటి మామిడికాయ ఒకటి వేస్తే 45 గ్రాములు చాలు. ఉల్లిపాయలు 200 గ్రాములు, టమోటాలు రెండు, కారం మూడు చెంచాలు, ధనియాల పొడి రెండు చెంచాలు, నూనె 120 నుంచి 150 మిల్లీలీటర్లు. నువ్వుల నూనె అయితే మేలు, వేరుశనగ నూనె కూడా పనికొస్తుంది. పచ్చిమిర్చి ఆరు, కరివేపాకు రెండు రెమ్మలు. ఆవాలు, మెంతులు, జీలకర్ర దోరగా వేయించి కొట్టిన పొడి ఒక చెంచా, అందులో మెంతులు పావు చెంచా దాటకూడదు. ఉల్లిపాయ మెత్తబడ్డాక టమోటా, కారం వేసి నూనె వదిలేదాకా వేయించాలి. అప్పుడు చింతపండు రసం పోసి ఇరవై అయిదు నిమిషాలు మరగనివ్వాలి. రసం పచ్చి వాసన పోయి, పైన ఎర్రటి నూనె మడతలు మడతలుగా తేలాకే చేప ముక్కలు, మామిడికాయ ముక్కలు వేయాలి. ముక్క వేశాక గరిటె పెట్టకూడదు, దాకని రెండు చేతులతో పట్టుకుని కదపాలి. వంజరానికి ఏడెనిమిది నిమిషాలు, బొచ్చెకి పది, కొరమీనుకి పన్నెండు నుంచి పదిహేను. పొడి చల్లి దించేసి, వేడి చల్లారకుండా నాలుగైదు గంటలు వదిలేయాలి. ముక్కలోకి ఉప్పు, పులుపు, కారం దిగేది అప్పుడే.

హోటల్లో పది కిలోలు వండేటప్పుడు అన్నీ పదింతలు వేస్తే పులుసు పాడవుతుంది. పాత్ర లోతు పెరిగేకొద్దీ ఆవిరి పోయే దారి తగ్గుతుంది, కాబట్టి నీళ్ళు పదింతలు కాకుండా ఆరేడింతలే పోయాలి. పాత మాస్టరుకి ఇది చేత్తో తెలుసు, కాగితం మీద రాసి ఇచ్చినవాడు ఎవరూ లేరు. కొత్త మాస్టరు ఇంటి కొలతని లెక్కగట్టి పెంచుతాడు, పులుసు పల్చగా వస్తుంది. పల్చగా ఉందని కార్న్‌ఫ్లోరో మైదానో జారుస్తాడు. అలాంటి పులుసు నిగనిగలాడుతుంది, చల్లారితే మీద తెట్టు కడుతుంది, అన్నంలో కలిపితే ఇంకదు, చుట్టూ నిలబడుతుంది. ఇంకో సంగతి పాత్ర ఆకారం. చేపల పులుసుకి వెడల్పాటి పాత్ర కావాలి, ముక్కలు ఒకటి రెండు వరసల్లో ఉండాలి. లోతైన గుండిగలో వండితే అడుగు ముక్కలు పై బరువుకి చితికిపోతాయి. మీకు వరసగా విరిగిన ముక్కలే వస్తుంటే అడగాల్సింది చేప గురించి కాదు, పాత్ర గురించి.

పులుపు ఎక్కువగా, రంగు లేతగా ఉంటే కొత్త చింతపండు. పాత చింతపండు నల్లబడి ఉంటుంది, పులుపు సర్దుకుని ఉంటుంది. పాతాయన నిల్వ అయిపోయిందని చెప్పే మొదటి గుర్తు ఇదే. దీన్ని తప్పనలేం, కొలత పది శాతం తగ్గిస్తే సరిపోతుంది. కారం మారితే ఘాటు ముందు తగులుతుంది, సువాసన ఉండదు. తేజ రకం మిరపకాయ ఒక్కటే ఆడిస్తే నాలుక మండుతుంది కానీ పులుసుకి రంగు, చిక్కదనం రావు. అందుకే రెండు రకాల మిరపకాయలు కలిపి ఆడిస్తారు, ఆ పాళ్ళు ప్రతి హోటల్‌కీ సొంతం. ప్యాకెట్ కారానికి మారినా ఇదే తేడా తెలుస్తుంది. చేదు తగిలితే రెండు కారణాలు. మెంతులు మాడితే చేదు పులుసంతా ఉంటుంది. చేప కడుపు తీసేటప్పుడు చేదుకట్టు పగిలితే ఆ ముక్కలో మాత్రమే ఉంటుంది. చెరువు చేపలో మట్టి వాసన వస్తే కడగడంలో లోపం. రాళ్ళ ఉప్పు, పసుపుతో గట్టిగా రుద్ది, పొట్ట లోపలి నల్ల పొర గీకి, మజ్జిగలోనో నిమ్మరసంలోనో పదిహేను నిమిషాలు ఉంచితే చాలావరకు పోతుంది. గూడూరు నిమ్మకాయలు దొరికే ఈ వైపు దీనికి సాకు ఉండకూడదు.

చేప మారిస్తే గుర్తుపట్టడం కష్టమేం కాదు. కొరమీనులో నడిముల్లు తప్ప చిన్న ముళ్ళు దాదాపు ఉండవు, కండ గట్టిగా పొరలు పొరలుగా విడుతుంది, తోలు నల్లగా మందంగా ఉంటుంది. బొచ్చెలో, రవ్వలో కొమ్మలు చీలినట్టుండే సన్నటి ముళ్ళు కండలోనే ఉంటాయి. మెనూలో కొరమీను అని రాసి ముక్కలో చీలిన ముల్లు వస్తే అది కొరమీను కాదు. వంజరం కండ తెల్లగా, ముక్క గుండ్రంగా ఉంటుంది. ముదురు ఎరుపు కండ వస్తే ట్యూనా జాతి చేప. ముళ్ళు లేని చేప వేపుడులో ముక్క మరీ మెత్తగా, కొవ్వుగా ఉంటే చెరువుల్లో పెంచే పంగస్ చేప అయ్యుండొచ్చు. పంగస్ తింటే తప్పేం లేదు, పంగస్ రేటు తీసుకున్నంత కాలం. మామిడికాయ సీజన్ పోయాక పులుసులో ఒరుగులు వేస్తే అభ్యంతరం లేదు, అది మన ఇళ్ళలో ఉన్న పద్ధతే.

నిన్నటి పులుసు గురించి ఒక మాట. ఇంట్లో మర్నాటి పులుసుకి ఉన్న గౌరవం హోటల్లో ఇవ్వడానికి వీల్లేదు. వడ్డించే వేడి పదార్థం 60 డిగ్రీల పైన ఉండాలి, దాచేది 5 డిగ్రీల లోపు ఉండాలి. మధ్యలో గోరువెచ్చగా గంటల తరబడి కూర్చున్న పులుసే కడుపు చెడగొడుతుంది. గిన్నె ముట్టుకుంటే చెయ్యి వెనక్కి తీసుకునేంత వేడి ఉందో లేదో చూడండి.

అన్నం, పప్పు, నూనె

అన్నం ముద్దగా వస్తే కొత్త బియ్యం. కోసిన ఆరు నెలలు కూడా నిండని బియ్యానికి నీళ్ళు తక్కువ పోయాలి, గంజి వార్చాలి. నెల్లూరు పాత వరి రకం మొలగొలుకులు అని బోర్డు మీద రాసినంత మాత్రాన కంచంలో అవి ఉన్నాయనుకోవద్దు. ఆ రకం పండించేవాళ్ళే తక్కువ. హోటళ్ళకి వచ్చేది ఎక్కువగా నెల్లూరు మసూరి, అంటే ఎన్ఎల్ఆర్ 34449, లేకపోతే బీపీటీ 5204. రెండూ మంచి బియ్యమే, పాతబడి ఉంటే చాలు.

పప్పు మెతకబడకుండా పలుకులు పలుకులుగా ఉంటే కందిపప్పుని తిట్టకండి, నీళ్ళ గురించి అడగండి. పెన్న నీళ్ళు వాడే చోట లేని ఈ బాధ బోరు నీళ్ళకి మారితే మొదలవుతుంది. గట్టి నీళ్ళలో ఉన్న కాల్షియం పప్పు పైపొరని బిగదీస్తుంది. చిటికెడు సోడా వేస్తే ఉడుకుతుంది, కానీ జిగురు వస్తుంది, రుచి చప్పబడుతుంది. ప్రకాశం పడమటి వైపు హోటళ్ళకి ఇది కొత్త కాదు. అక్కడ మంచినీళ్ళు కొని పప్పుకి, టీకి విడిగా వాడే యజమానిని చూస్తే ఆ హోటల్‌ని నమ్మొచ్చు.

సాయంత్రం బజ్జీలు, పునుగుల నూనె నురగ కట్టి, చిక్కగా నల్లగా ఉంటే తినకండి. నూనె పదేపదే కాగేకొద్దీ పెరిగే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే పారబోయాలన్న నిబంధన 2018 జులై 1 నుంచి ఉంది. మనకి కొలిచే పరికరం ఉండదు. తిన్న పావుగంటకి గొంతు గీరుకుంటే ఆ నూనె గడువు దాటిందనుకోవచ్చు.

చెప్పే పద్ధతి

"పాత రుచి లేదు" అన్న మాట కొత్త యజమానికి దేనికీ పనికిరాదు. ఆయన నొచ్చుకోవడం తప్ప ఏం చేయగలడు? ఏం మారిందో పేరు పెట్టి చెప్పాలి. మధ్యాహ్నం మూడున్నరకి గల్లా దగ్గర జనం లేనప్పుడు, పక్కన ఎవరూ వినకుండా, "అన్నా, పులుసులో నీళ్ళు ఎక్కువైనట్టుంది, నూనె పైన తేల్లేదు" అని ఒక్కటి చెప్పండి. ఒకేసారి నాలుగు చెప్తే ఒక్కటీ జరగదు. పాత మాస్టరు సంగతి అడగాలంటే సప్లయరు కుర్రాణ్ణి అడగండి. "ఏం అబ్బయా, పాత మాస్టరే ఉండాడా?" అంటే దాపరికం లేకుండా చెప్తాడు. యజమాని ఎదురుగా ఆ ప్రశ్న వేస్తే కొత్త మాస్టరుకి తలకొట్టేసినట్టుంటుంది. ఆయనా కష్టపడే మనిషే.

చెప్పిన పది రోజులకి మళ్ళీ వెళ్ళి అదే వంటకం అడగండి. సరిచేసి ఉంటే ఆ మాట కూడా చెప్పండి, బాగుందని చెప్పేవాళ్ళే తక్కువ. సరిచేయకపోయినా హోటల్ మొత్తాన్ని కొట్టిపారేయాల్సిన పని లేదు. పెనం, పిండి నిలబడి పులుసు పోయిన చోట్లు చాలా ఉంటాయి. అలాంటప్పుడు టిఫిను అక్కడే చేసి, చేప ఇంకోచోట తినొచ్చు. పాత మాస్టరు ఎక్కడ చేరాడో తెలుసుకోవాలంటే గ్రైండరు రాళ్ళకి గంట్లు కొట్టేవాణ్ణి, పాలు పోసేవాణ్ణి అడగండి. ఊళ్ళో ఏ వంటగదిలో ఎవరున్నారో వాళ్ళకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.